పచ్చడి కొలత మీ చేతిలోంచి కాగితం మీదికి రావాలి

ప్రశ్న: మాది తణుకు. ఎనిమిదేళ్ల కిందట ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, పొడులు చేసి తెలిసినవాళ్లకి అమ్మడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక షెడ్డు అద్దెకి తీసుకున్నాం. ఏడుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. నెలకి రెండున్నర లక్షల దాకా అమ్మకం ఉంటుంది. సగం వాట్సాప్ ఆర్డర్లు, హైదరాబాద్, బెంగళూరుకి కొరియర్ చేస్తాం. మిగతాది చుట్టుపక్కల స్వగృహ షాపులకీ, రెండు సూపర్ మార్కెట్లకీ వేస్తాం. ఏడాదికి 40 లక్షలు దాటలేదని జీఎస్టీ తీసుకోలేదు. పచ్చళ్లు కలపడం మాత్రం ఇప్పటికీ నేనే. ఈమధ్య మా అత్తగారిని హాస్పిటల్లో చేర్చి పది రోజులు షెడ్డుకి వెళ్లలేకపోయాను. రెండు లాట్లలో ఉప్పెక్కువైంది. కొన్ని ఆర్డర్లు మర్చిపోయారు, ఒకరికి రెండుసార్లు పంపారు. అమ్మకం పెరుగుతోంది గానీ చేతిలో డబ్బు కనపడట్లేదు. తెలిసినవాళ్లు మంచి సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారు. మావారు ప్రైవేటు ఉద్యోగం మానేసి ఇందులోకి వస్తాననీ, హైదరాబాద్‌లో బ్రాంచి పెడదామనీ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (పేరు రాయవద్దు)

సమాధానం: ముందుగా ఒక మాట. ఆ పది రోజుల గురించి మీ దగ్గర పనిచేసేవాళ్లని ఏమీ అనకండి. పది కిలోల ముక్కకి ఉప్పెంతో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మీరు వేస్తుంటే చూశారు, అంతే. ఆర్డర్లు మీ ఫోన్లో ఉన్నాయి, ఎవరికి పంపామో ఎవరికి పంపలేదో మీకు గుర్తుంది. మీరు లేకపోయేసరికి ఆ గుర్తు కూడా షెడ్డులో లేకుండా పోయింది.

అందుకే సాఫ్ట్‌వేర్, బ్రాంచి, మీవారి ఉద్యోగం, ఈ మూడింటినీ కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీకొక్కరికే తెలిసిన విషయాలు ఏమేమున్నాయో చూసి, ఒక్కొక్కటే బయటికి తేవడం ఇప్పుడు చేయాల్సిన పని. మీరు వారం రోజులు కనపడకపోయినా సరుకు అదే రుచితో, సరైన ఇంటికి, సరైన ధరకి వెళ్లాలి. అది జరిగే రోజు వచ్చేదాకా వ్యాపారం ఎంత పెంచినా పెరిగేది మీ మీద బరువే.

మొదట రుచి. అమ్మేది అదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

మన ఇళ్లల్లో ఆవకాయ కొలత తవ్వలు, సోలలు, గిద్దెలతో నడిచింది. పది కాయల పచ్చడికి అది సరిపోతుంది. వంద కిలోల దగ్గర అదే పద్ధతి మోసం చేస్తుంది. ఒకే తవ్వలో మెత్తగా కొట్టిన ఉప్పు ఒక బరువు తూగుతుంది, రవ్వగా ఉన్న ఉప్పు ఇంకో బరువు తూగుతుంది. కల్లుప్పు ఎండబెట్టి కొట్టారా, తేమగా ఉన్నప్పుడే కొట్టారా అన్నదాన్ని బట్టి కూడా తేడా వస్తుంది. కారం కూడా అంతే, జల్లించిందీ జల్లించనిదీ కొలతకి ఒకటి కావు. మీ చెయ్యి ఈ తేడాని తెలియకుండానే సర్దేస్తుంది. ఇంకొకరి చెయ్యి సర్దలేదు. మీరు లేనప్పుడు ఉప్పెక్కువైందంటే కారణం బహుశా ఇక్కడే ఉంది.

కాబట్టి కొలతలన్నీ బరువులోకి మార్చండి. ఇందుకోసం మీ పద్ధతి మార్చక్కర్లేదు. ఎప్పటిలాగే కలపండి. పక్కన ఒకరు కాటా పెట్టుకుని కూర్చుని, మీరు చెయ్యి పెట్టకముందు ఉప్పు గిన్నె బరువు, పెట్టాక బరువు రాయాలి. కారం, ఆవపిండి, మెంతులు, నూనె అన్నీ అలాగే. ముక్కలు తుడిచి, టెంక లోపలి పొర తీసేశాక తూచాలి, అంతకుముందు కాదు. నాలుగైదు లాట్లు ఇలా రాస్తే మీ చెయ్యి అసలు ఎంత వేస్తోందో అంకెల్లో కనపడుతుంది. లాటుకీ లాటుకీ కొంచెం తేడా ఉంటుంది. బాగా కుదిరిందని మీరనుకున్న లాటు అంకెలు తీసుకుని, పది కిలోల ముక్కకి ఎంతెంతో ఖాయం చేయండి. తర్వాతి లాటు ఆ కాగితం చూసి మీ దగ్గర అనుభవం ఉన్నామె కలపాలి. మీరు పక్కనే ఉండండి, మాట్లాడకండి. మధ్యలో ఆమె మిమ్మల్ని ఏదైనా అడిగితే ఆ సంగతి కాగితం మీద లేదన్నమాట, వెంటనే రాయండి.

మామిడికాయ రకం కూడా రాయాలి. కొత్తపల్లి కొబ్బరికీ జలాలకీ పులుపు ఒకటి కాదు. సీజన్ మొదట్లో వచ్చిన కాయకీ చివర్లో వచ్చిన కాయకీ ముక్క గట్టితనంలో తేడా ఉంటుంది. మిరపకాయా అంతే, తేజ ఘాటు ఎక్కువ, బ్యాడిగి రంగుకి పనికొస్తుంది. ఏ రకం ఎంత పాళ్లలో కలిపి పట్టించారో రాసి పెట్టుకోకపోతే వచ్చే ఏడాది ఆ రంగు మళ్లీ తేలేరు. వీటిలో తీర్పుతో చేయాల్సింది కొంత ఎప్పటికీ ఉంటుంది, అదంతా కాగితానికి ఎక్కదు. దాన్ని ఒక్కచోటికి తెచ్చుకోండి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఉప్పు చూడటం ఎలాగూ ఉంది కదా, ఆ పని మీతోపాటు ఇంకో ఇద్దరికి నేర్పండి. ముగ్గురూ విడివిడిగా రుచి చూసి, విడివిడిగా రాసి, ఆ తర్వాతే మాట్లాడుకోవాలి. నెల తిరిగేసరికి ఎవరి నాలుక నమ్మదగిందో మీకే తెలుస్తుంది.

ఈ విషయంలో లిజ్జత్ పాపడ్ వాళ్ల పద్ధతి చూడటం మీకు పనికొస్తుంది. 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తీసుకుని మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్లలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ పిండి కలపడం బ్రాంచిలో జరుగుతుంది. ఆ పిండి తూచి తీసుకెళ్లి మహిళలు ఎవరింట్లో వాళ్లు ఒత్తుతారు. ఆరినవి మళ్లీ తెచ్చి ఇస్తే తూచి, నాణ్యత చూసి డబ్బిస్తారు. వేల చేతులు ఒత్తుతున్నా రుచి మారకపోవడానికి కారణం ఆ విభజనే. రుచిని నిర్ణయించే పని ఒకచోట ఉంచారు, చేతి పని మాత్రం పంచారు.

మీ షెడ్డులో కూడా అలా పంచొచ్చు. పది కిలోల ముక్కకి సరిపడా ఉప్పు, కారం, ఆవపిండి, మెంతులు ఒకే మనిషి తూచి, సంచుల్లో కట్టి, తేదీ వేసి ముందే సిద్ధంగా పెట్టాలి. కలిపే ఆమె సంచి విప్పి వేయడమే. చదవడం రానివాళ్లుంటే ఆవకాయ సంచికి ఎర్ర తాడు, మాగాయకి పచ్చ తాడు కట్టండి. నూనెకి ఒక డబ్బా ఖాయం చేసి, ఎక్కడిదాకా పోయాలో లోపల గీత గీయించండి. మీరు పది రోజులు ఊరెళ్లాల్సి వస్తే చేయాల్సిందల్లా ముందే సంచులు కట్టించి పెట్టడం.

ప్రతి లాటుకీ నంబరు ఇవ్వండి, సీసా మీద వేయండి. ప్రతి లాటులోంచి ఒక చిన్న సీసా అమ్మకుండా అలమరలో ఉంచండి. బెంగళూరు నుంచి ఎవరైనా ‘బూజు వచ్చింది’ అని ఫోన్ చేస్తే, అదే లాటు సీసా మీ దగ్గర తీసి చూడొచ్చు. మీ దగ్గరా వచ్చిందంటే తప్పు లాటుది, మిగతా సీసాలు ఎక్కడికి వెళ్లాయో చూసి వాళ్లకి మీరే ఫోన్ చేయాలి. మీ దగ్గర బాగుంటే వాళ్ల ఇంట్లో తడి గరిటె పెట్టారో, దారిలో మూత సడలిందో కనుక్కోవచ్చు. లేబుల్ ఎలాగూ వేస్తున్నారు కాబట్టి, చట్టం అడిగేవన్నీ దాని మీద ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరు లాంటివి ఉండాలి.

ఆర్డర్ల సంగతి దీనికంటే తేలిక. మీ సొంత నంబరు మీద ఆర్డర్లు తీసుకోవడం ఆపేయండి. వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టండి, అది ఉచితమే. సరుకుల పట్టిక ధరలతో సహా అందులోనే చూపించొచ్చు. ఒక్కో చాట్‌కి ‘కొత్త ఆర్డర్’, ‘డబ్బు రావాలి’, ‘పంపాం’ అని లేబుళ్లు పెట్టుకోవచ్చు. షెడ్డులో ఇంకొకరు అదే నంబరుని కంప్యూటర్లో తెరిచి జవాబులివ్వొచ్చు. వీటన్నిటికంటే ముఖ్యం ఒక రిజిస్టరు. అందులో వరస నంబరుతో రాసినదే ఆర్డరు, రాయనిది ఆర్డరు కాదు, మీ పెద్దమ్మ కూతురు అడిగినా సరే. ఆ వరస నంబరే కొనేవాళ్లకి తిరిగి పంపాలి, అదే పార్సిల్ మీద రాయాలి, పంపాక కొరియర్ రసీదు నంబరు దాని ఎదురుగా ఎక్కించాలి. సాయంత్రం ఇంటికెళ్లే ముందు ఆ గడి ఖాళీగా ఉన్నవి ఎన్నో ఒకరు చూస్తే చాలు, మర్చిపోవడం, రెండుసార్లు పంపడం రెండూ ఆగిపోతాయి.

ఇక డబ్బు. ‘అమ్మకం పెరుగుతోంది గానీ చేతిలో డబ్బు కనపడట్లేదు’ అని రాశారు. పచ్చళ్ల వ్యాపారంలో ఇది దొంగతనం వల్లో దుబారా వల్లో జరగాలనేమీ లేదు. ఆవకాయ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పెట్టి ఏడాదంతా అమ్ముతాం. మిరపకాయ అంతకుముందే కొనాలి, నూనె ఒకేసారి కొనాలి, కాయ మార్కెట్లో కాయకి నగదే ఇవ్వాలి. కిలోకి సరుకు ఖర్చు 210 రూపాయలు అనుకుందాం. వెయ్యి కిలోలు పెడితే రెండు లక్షల పదివేలు జాడీల్లో కూర్చుంటాయి. అది నష్టం కాదు, మీ డబ్బు అక్కడ ఉందంతే. దాన్ని చూడకుండా నెలవారీ లెక్క వేస్తే వేసవిలో దివాలా తీసినట్టూ, శీతాకాలంలో బోలెడు లాభం వచ్చినట్టూ కనపడుతుంది. నెల చివరి రోజున జాడీల్లో ఎంత సరుకుందో తూచి, దాని విలువ రాయండి. చింతకాయ, ఉసిరికాయ, టమాటా ఏ నెలల్లో చవకగా వస్తాయో, దేనికెంత నగదు కావాలో సంవత్సరం మొత్తానికి ఒక కాగితం మీద వేసుకుంటే మార్చి నెలలో వడ్డీకి పరిగెత్తాల్సిన అవసరం తగ్గుతుంది.

రెండో కారణం ధర. పక్క షాపు ధర చూసి మీ ధర పెట్టి ఉంటారని నా అనుమానం. ఒక కిలో లెక్క వేసి చూద్దాం, అంకెలు నేను అనుకున్నవి, మీవి మీరు వేసుకోండి. సరుకు 210, సీసా, లేబుల్ 22, కూలి 28, అద్దె, గ్యాస్, కరెంటు వంతు 15. ఇక్కడికి 275. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు రోజంతా షెడ్డులో నిలబడిన కష్టానికి కిలోకి 25 వేయండి. పగిలిన సీసాలు, వెనక్కి వచ్చినవి, రుచి చూపించినవి 12. మొత్తం 312 అయింది. షాపుకి 340కి వేస్తే మిగిలేది 28 రూపాయలు. ఆ షాపు రెండు నెలలు డబ్బివ్వకపోతే, ఆ రెండు నెలలూ మీరు బయట వడ్డీకి తెచ్చి నడిపితే, ఆ 28లో ఎంత మిగులుతుందో మీరే చెప్పగలరు. మీ జీతం లెక్కలో వేయకపోవడం మీకు మీరు చేసుకుంటున్న అన్యాయం. ఇంట్లో ఆడవాళ్లు నడిపే వ్యాపారాలన్నిటిలోనూ ఇది చూస్తుంటాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. నెలకి ఇంత అని జీతం తీసుకోండి, వ్యాపారం ఖాతాలోంచి మీ సొంత ఖాతాకి ఫలానా తేదీన పంపుకోండి. కరెంట్ అకౌంట్ వేరుగా తెరిచి, ఫోన్‌పే, గూగుల్ పే క్యూఆర్ కోడ్ దానికే పెట్టండి. ఇంటి పాల బిల్లు అందులోంచి కట్టొద్దు.

అరువు గురించి ఒక విషయం మీకు తెలిసి ఉండకపోవచ్చు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు చేసుకోండి, ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. అలా నమోదైన చిన్న తయారీదారుకి కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం చెబుతోంది. ఆ గడువు దాటించి బాకీ పెడితే, కట్టేదాకా ఆ మొత్తాన్ని కొన్నవాళ్లు తమ ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేరు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. వీధి చివర షాపతను దీన్ని పట్టించుకోకపోవచ్చు గానీ, సూపర్ మార్కెట్ల ఆడిటర్లకి ఇది బాగా తెలుసు. బిల్లు మీద మీ ఉద్యమ్ నంబరు వేసి ఇవ్వండి. చిన్న షాపులకైతే పాత బాకీ తీరితేనే కొత్త సరుకు అన్న మాట మీద నిలబడటం తప్ప వేరే దారి లేదు. ఒకరిద్దరు పోతారు. పోనివ్వండి.

జీఎస్టీ విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకి 40 లక్షల పరిమితి ఉన్న మాట నిజమే. కానీ అది రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకి. పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత తక్కువైనా నమోదు తప్పనిసరి. హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రమే. చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లు కూడా బయటి రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. ఈ వారమే ఒక ఆడిటర్‌ని కలిసి, ఇప్పటిదాకా జరిగిందీ దాచకుండా చెప్పి సరిచేసుకోండి.

పనిచేసేవాళ్ల గురించి. కాగితాలు ఎన్ని రాసినా, చిన్న విషయానికి కూడా మీకు ఫోన్ చేయాల్సి వస్తే మీరు కట్టుబడిపోయినట్టే. సీసా పగిలి వచ్చిందని ఫోటో పంపితే అడగకుండా కొత్తది పంపే అధికారం, 500 రూపాయల దాకా అత్యవసరంగా ఖర్చు పెట్టే అధికారం ఒకామెకి ఇవ్వండి. ఎవరికిచ్చారో అందరి ముందూ చెప్పండి. ఆమె జీతం కొంచెం పెంచండి, బాధ్యత ఊరికే ఇవ్వకూడదు. ఆమె నిర్ణయం మీకు నచ్చకపోయినా అప్పటికప్పుడు మార్చకండి, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడండి. మొదటి నెల ఇది మీకు కష్టంగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ అప్పుడు కొనండి. రిజిస్టరు, లాటు పుస్తకం, నెలాఖరు సరుకు లెక్క మూడు నెలలు తప్పకుండా నడిచాక, చేత్తో రాయడం నిజంగా భారమైతే, ఏ పనికి కావాలో మీకే స్పష్టంగా తెలుస్తుంది. జీఎస్టీ బిల్లులకి ఎలాగూ ఏదో ఒకటి అవసరమవుతుంది, ఇప్పటికి ఆడిటర్ చెప్పిన చిన్నది చాలు.

హైదరాబాద్ బ్రాంచి ఇప్పుడు వద్దు. జీఎస్టీ రాష్ట్రానికి ఒకటి. తెలంగాణలో షాపు పెడితే అక్కడ వేరే నమోదు కావాలి. మీ షెడ్డు నుంచి మీ షాపుకే సరుకు పంపినా అది అమ్మకం కిందే లెక్క. పైగా అక్కడ అద్దె, మనిషి, అమ్ముడుపోని సరుకు. మీ కొరియర్ రిజిస్టరు చూసి, హైదరాబాద్‌లో ఏ ప్రాంతం నుంచి ఆర్డర్లు ఎక్కువ వస్తున్నాయో లెక్కపెట్టండి. ఆ ప్రాంతంలో ఇప్పటికే నడుస్తున్న ఒక స్వగృహ షాపుకి నగదు మీద సరుకు వేయండి. తయారీ మాత్రం తణుకులోనే ఉండాలి. ఒక ఆవకాయ సీజన్ మొత్తం అలా చూడండి.

మీవారి ఆసక్తిని కాదనకండి, కానీ ఉద్యోగం అప్పుడే మానొద్దని చెప్పండి. ఇంటికి నెలనెలా కచ్చితంగా వచ్చే డబ్బు అదొక్కటే. సాయంత్రాలు, ఆదివారాలు ఆయన లెక్కలు, బాకీల వసూలు పూర్తిగా తన చేతికి తీసుకోవచ్చు, అది మీకు చాలా పెద్ద సాయం. మీ జీతం, పనివాళ్ల జీతాలు పోగా ఆయన జీతమంత మిగులు వరసగా ఏడాది పాటు కనపడితే, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉంటే, అప్పుడు మానొచ్చు. మానేసి వచ్చాక ఆయన చూసేదేమిటో, మీరు చూసేదేమిటో ముందే రాసుకోండి. రుచి విషయంలో చివరి మాట మీదేనన్నది కూడా అందులో ఉండాలి.